కట్టు కట్టారా?

ఈ డిసెంబరు ఆఖరి ఆదివారం గుడివాడలో మా చర్చిలో ఏడాది చివరి కూడిక పెట్టారు. "విశ్వాసం – కాలం సద్వినియోగం" అని నల్లబల్ల మీద రంగు సుద్దలతో అందంగా రాశారు. సంఘంలో ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్ళం ఆరుగురం ఉన్నాం. తలా ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. నా పేరు ఐదోది. మొదట లేచిన బ్యాంకాయన ఇరవై రెండు నిమిషాలు మాట్లాడాడు. గడియారం చూసే చెబుతున్నాను. రెండో ఆయన మనవడి ర్యాంకు గురించి చెప్పాడు. నా వంతు వచ్చేసరికి పాస్టర్ గారు చేతి గడియారం చూసుకుని, "సుశీలమ్మ గారి సాక్ష్యం వచ్చే ఏడాది విందాం, బిర్యానీ చల్లారిపోతోంది" అన్నారు. అందరూ నవ్వారు.

నేను తినకుండా బయటికి వచ్చేశాను.

ఆ ఐదు నిమిషాల్లో చెప్పాలనుకున్నది ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా నర్సు ఉద్యోగంలో చేరే పిల్లల కోసం రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. అవి నాకు ఎవరెవరు ఎలా రాకుండా చేశారో మొదలుపెడితే వేరే పుస్తకమవుతుంది.

నా పేరు జి. సుశీలారత్నం. నా రిటైర్మెంటు సభలో సుశీలారాణి అని చదివారు. నేను లేచి సరిదిద్దితే, చదివినాయన "ఏదైతే ఏముందమ్మా" అన్నాడు. ఒక గోడ గడియారం ఇచ్చారు. అది రోజుకి ఏడు నిమిషాలు వెనకబడుతుంది. రోజూ పొద్దున్నే కుర్చీ ఎక్కి ఏడు నిమిషాలు ముందుకి తిప్పి దిగుతాను.

మొదట గడియారం, తర్వాత మొహం

బందరులో ట్రైనింగు చేసేటప్పుడు మా మేట్రన్ ఒకావిడ ఉండేది. నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చానని మొదటి నెలలోనే నన్ను వార్డు బయట గంటసేపు నిలబెట్టింది. వచ్చేపోయే వార్డుబాయిలందరూ చూశారు. ఆవిడని నేను ఇప్పటికీ క్షమించలేదు. కానీ ఆవిడ చెప్పిన ఒక్క మాట మాత్రం ముప్ఫై మూడేళ్ళు పాటించాను.

"రోగి రాగానే మొదట గడియారం చూడు. టైము రాసుకో. తర్వాత మొహం చూడు. మొహం చూస్తే కంగారు పుడుతుంది. కంగారులో అరగంట ఐదు నిమిషాల్లా అనిపిస్తుంది."

అప్పటి నుంచి నా జేబులో చిన్న నోటుబుక్కు ఉంటుంది. ముందు పేజీల్లో రోగులు వచ్చిన టైములు. వెనక పేజీల్లో ఎవరు నన్ను ఏమన్నారో, ఎప్పుడన్నారో. రెండూ ఒకే పెన్నుతో రాసేదాన్ని. ఇప్పుడు చెప్పబోయే సంగతి ఆ రెండు వైపులా ఉంది. అందుకే ఏదీ మర్చిపోలేదు.

డిసెంబరులో పాములు

తొంభైల మధ్యలో దివిసీమలో ఒక ప్రైమరీ హెల్త్ సెంటర్లో స్టాఫ్ నర్సుగా ఉన్నాను. ఊరి పేరు రాయను, ఇంకా ఆ మనుషులు ఉన్నారు. డిసెంబరు వచ్చిందంటే అక్కడ కోతలు, కుప్పలు, నూర్పిళ్ళు. కోసిన వరి పనలు ఎత్తేటప్పుడు అడుగున చుట్టుకుని పడుకున్న రక్తపింజర కాలు పట్టుకుంటుంది. కరిచినచోట పొంగుతుంది, తర్వాత రక్తం గడ్డకట్టే గుణం పోతుంది. చిగుళ్ళ నుంచి, పాత పుండ్ల నుంచి కారడం మొదలవుతుంది. దానికి విరుగుడు మందు ఒక్కటే. టైముకి పడితే బతుకుతారు.

ఆ సంవత్సరం డిసెంబరు ఆఖరి వారానికి మా ఫ్రిజ్‌లో ఆరు సీసాల మందు మిగిలింది. డాక్టరు గారు పండగ సెలవు మీద హైదరాబాదు వెళ్ళారు. జీపు ఉంది, బ్యాటరీ లేదు. ఫోను ఉంది, పక్క జిల్లాకి కాదు కదా, పక్క తాలూకాకి కూడా చేయలేం. డాక్టరు గారు దానికి లాకు వేసి తాళంచెవి జేబులో పెట్టుకుని వెళ్ళారు. "మీ వాళ్ళతో గంటలు గంటలు మాట్లాడతారు సిస్టర్" అన్నారు నాతో. నా వాళ్ళెవరికీ అప్పటికి ఇంట్లో ఫోనే లేదు.

నాతోపాటు డ్యూటీలో హెల్త్ అసిస్టెంటు ప్రసాదు ఉండేవాడు. నలభై ఏళ్ళ మనిషి. మోపెడ్ మీద ఊళ్ళన్నీ తిరిగేవాడు. నోరు ఊరుకునేది కాదు. నన్ను "కోర్టు సిస్టర్" అనేవాడు, అర్జీలు రాస్తానని.

ఫోను

ఆ రోజు ఉదయం ఎనిమిదీ నలభైకి ఫోను మోగింది. కాలవకి అవతలి ఊరి నుంచి ఆంజనేయులనే కౌలు రైతు.

"సిస్టర్ గారండీ, మా ఇంటిదాన్ని పాము కుట్టిందండి. నాంచారమ్మండి. కుప్ప దగ్గర."

"ఎప్పుడు?"

"ఎనిమిదింటికండి."

"ఏ పాము?"

"పింజరేనండి, చంపేశాం. సూది ఉందాండి మీ దగ్గర?"

"ఉంది. కట్టు కట్టారా?"

"కట్టారండి. కరిచిన పావుగంటకే కట్టారు."

"అయితే భయం లేదు. కాలు కదలనివ్వకుండా, కంగారు పడకుండా తీసుకురండి."

"అలాగేనండి" అన్నాడు. పెట్టేశాడు.

ఈ నాలుగు మాటలూ మళ్ళీ చదవండి. నా ముప్ఫై మూడేళ్ళ ఉద్యోగంలో ఇంతకంటే పెద్ద తప్పు చేయలేదు. అప్పుడు నాకు అందులో తప్పేమీ కనపడలేదు. ఆ రోజుల్లో కరిచినచోటికి పైన గుడ్డతో కట్టమని మేమే చెప్పేవాళ్ళం. (ఇప్పుడు గట్టిగా కట్టవద్దంటున్నారు. బద్ద పెట్టి కాలు కదలకుండా ఉంచి వెంటనే తీసుకురమ్మంటున్నారు. అలాగే చేయండి.) నేను అడిగింది గుడ్డ కట్టు. అతను చెప్పింది వేరే కట్టు.

గంటన్నర

ఫ్రిజ్ లోంచి ఆరు సీసాలూ తీశాను. సెలైను వేలాడదీశాను. రక్తం గడ్డకడుతుందో లేదో చూసే గాజు గొట్టం కడిగి ఆరబెట్టాను. అదంతా ఇరవై నిమిషాల పని. ఊరు మూడు కిలోమీటర్లు. కాలవ మీద బల్లకట్టు దాటి మంచం మీద మోసుకొచ్చినా తొమ్మిదిన్నరకి రావాలి.

తొమ్మిదిన్నరయింది. రాలేదు.

ఇప్పుడు నేను చెప్పేది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చర్చిలో చెబుదామనుకున్నాను.

రోగి రాలేదని తెలిసి కూడా నేను కుర్చీలోంచి లేవలేదు. తెల్లకాగితం తీసి పై అధికారులకి అర్జీ రాయడం మొదలుపెట్టాను. డాక్టరు సెలవు, జీపు బ్యాటరీ, ఫోను తాళం, ఆయన నాతో అన్న మాట. బాగా కుదిరింది అర్జీ. ఒక పేరా కొట్టేసి మళ్ళీ రాశాను. అక్షరాలు గుండ్రంగా రావాలని నెమ్మదిగా రాశాను. వీధి గుమ్మంలోకి వెళ్ళి ఒక్కసారి కూడా చూడలేదు. కాలవ గట్టు మీద ఒక మనిషి చిగుళ్ళ నుంచి రక్తం ఉమ్ముతుంటే, నేను నా పట్ల జరిగిన అన్యాయాలకి నంబర్లు వేసుకుంటూ కూర్చున్నాను.

పదీ పదికి ప్రసాదు మోపెడ్ ఆపి, దిగకుండానే అరిచాడు.

"సిస్టర్, మీ పేషెంటు బల్లకట్టు దగ్గర మంచం మీద పడుకునుంది. దాటించరంట."

"దాటించకపోవడమేంటి?"

"కట్టు ఉంది కదా. కట్టు విప్పేదాకా పారే నీళ్ళు దాటించకూడదంట."

"ఏం కట్టయ్యా? గుడ్డ కట్టుకీ నీళ్ళకీ ఏం సంబంధం?"

ప్రసాదు నా వైపు వింతగా చూశాడు. "గుడ్డేంటి సిస్టర్? స్టేషన్ మాస్టారి కట్టు."

ఫోనులో మంత్రం

గుడివాడ, బందరు మధ్య రైలు లైన్లో ఒక చిన్న స్టేషను. అక్కడ మాస్టారు కామేశ్వరరావు గారు. పాము కుట్టిందని ఎవరు ఫోను చేసినా, కరిచిన మనిషి పేరు, ఏ కాలో ఏ చెయ్యో అడిగి, ఆయన అక్కడ తన తువ్వాలు చివర ముడి వేసి మంత్రం చదువుతాడు. దాన్ని కట్టు అంటారు. విషం అక్కడే ఆగిపోతుందని నమ్మకం. ఆయన ముడి విప్పేదాకా మనిషిని పారే నీళ్ళు దాటించకూడదు. పగలు కట్టిన కట్టు మధ్యాహ్నం బండి పంపించాక విప్పేవాడు. డబ్బు ముట్టేవాడు కాదు. మా దివిసీమలో టెలిఫోను బూతుల గోడల మీద ఆయన నంబరు పెన్సిలుతో రాసి ఉండేదట. నేను రోజూ చూసే గోడలే. ఎప్పుడూ చదవలేదు.

ఈ డెల్టాలో ఎటు వెళ్ళాలన్నా ఒక కాలవ దాటాలి. ఆసుపత్రికి కూడా.

"వాళ్ళకి చెప్పలేకపోయావా?" అన్నాను ప్రసాదుతో.

"చెప్పానండీ. ఆంజనేయులు మేనమామ రాఘవయ్య ఉన్నాడు కదా, ఆయన ఒప్పుకోలేదు. 'సిస్టరమ్మే భయం లేదంది, కదలనివ్వద్దంది, నువ్వెవరివి' అన్నాడు నన్ను."

నా మాటే అది. నా మాట పట్టుకునే వాళ్ళు ఆమెను అక్కడ ఆపారు.

"నంబరు తెలుసా నీకు?"

"నోటికొచ్చు" అన్నాడు.

ఎదురుగా ఉన్న బూతుకి పరిగెత్తాను. రెండోసారికి లైను కలిసింది.

"స్టేషన్."

"నేను హెల్త్ సెంటర్ సిస్టర్ని మాట్లాడుతున్నాను. పొద్దున మీరు కట్టు కట్టారట."

"కట్టానమ్మా. నాంచారమ్మ. ఎడమ పాదం." గొంతు నెమ్మదిగా ఉంది.

"విప్పేయండి."

"ఏమిటి తల్లీ?"

"విప్పి, విప్పానని వాళ్ళకి చెప్పండి. మీ ముడి వల్ల కాలవ ఇవతలికి రావట్లేదు. మందు నా దగ్గరుంది."

"విషం ఒంట్లో ఉండగా విప్పితే గుండెకెక్కుతుందమ్మా. నా చేత్తో నేను చంపలేను."

"రెండు గంటలైంది కరిచి. మీరు చంపుతూనే ఉన్నారు!"

అవతల గంట మోగింది. "బండి వస్తోందమ్మా. ఒక్క నిమిషం" అని రిసీవరు బల్ల మీద పెట్టాడు. బండి వచ్చిన చప్పుడు, ఎవరో బుట్ట దింపమని అరవడం, విజిలు అన్నీ వినపడ్డాయి. బూతు గోడ మీద గడియారంలో సెకండ్ల ముల్లు తిరుగుతోంది. అంత పొడుగాటి నిమిషాలు నేను మళ్ళీ చూడలేదు. పెట్టేద్దామనుకున్నాను. పెట్టేస్తే వేరే దారి లేదు.

"ఉన్నారా అమ్మా?"

"ఉన్నాను."

"నేను విప్పను. కానీ చెయ్యి మార్చవచ్చు. మీరు అక్కడ ముడి వేస్తే, నేనిక్కడ విప్పుతాను. కట్టు మీ దగ్గరికొస్తుంది. మీరు ఎటు తీసుకెళ్తే ఆవిడ అటు రావచ్చు. ఏ నీళ్ళయినా దాటవచ్చు. కొంగు చివర వేయండి."

"నేను క్రైస్తవురాలినండి."

"అయితే ఏమైందమ్మా, ముడి వేయడం రాదా?"

ఈ మాట నా నోటుబుక్కు వెనక పేజీల్లో ఉంది.

"ఎవరి పేరు తలచుకోవాలి?" అని అడిగాను.

"మీకు ఎవరి మీద నమ్మకముంటే వాళ్ళ పేరు."

అప్పటికి నేను ఎవరింట్లోనూ బొట్టు పెట్టించుకుని ఎరగను. ప్రసాదం చేతిలో పెడితే పక్కన పెట్టేదాన్ని. దానికి కూడా మాటలు పడ్డాను. రిసీవరు చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, తెల్లచీర కొంగు చివర ముడి వేశాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు ఏ పేరూ గుర్తురాలేదు. గోడ గడియారం చూశాను. పదీ ఇరవై ఆరు. అదే తలచుకున్నాను.

"వేశాను."

"ఇక్కడ విప్పాను. జాగ్రత్తమ్మా. ఆవిడకి నయమయ్యాక ముడి విప్పి నాకొక్క ఫోను చేయండి. మర్చిపోకండి."

"సరే, సరే" అని పెట్టేశాను.

బూతు ఆయన నోరు తెరుచుకుని చూస్తున్నాడు. సాయంత్రానికి ఊరంతా చెప్పింది ఆయనే.

బల్లకట్టు

మోపెడ్ వెనక కూర్చుని వెళ్తుంటే ప్రసాదు అన్నాడు: "గుడ్డ కట్టు, మంత్రం కట్టు, బల్లకట్టు. ఇన్ని కట్లు పెట్టుకుని మనిషి ఎలా బతుకుద్దండీ?"

"నోర్మూసుకుని తోలు" అన్నాను.

అవతలి గట్టు మీద నులక మంచం, చుట్టూ పాతిక మంది. బల్లకట్టు మీద దాటి వెళ్ళాను. నాంచారమ్మకి ముప్ఫై లోపే ఉంటాయి. కాలు మోకాలి దాకా నున్నగా, నల్లగా పొంగింది. ఉమ్మి ఎర్రగా ఉంది. తెలివిలోనే ఉంది. భర్త తల పట్టుకుని పక్కన కూర్చున్నాడు. రాఘవయ్య మంచానికి అడ్డంగా నిలబడ్డాడు. అరవై ఏళ్ళ పెద్దమనిషి, పిల్లని ఎవరో చంపబోతుంటే అడ్డుపడుతున్నాననే అనుకుంటున్నాడు. ఆయన కళ్ళు చూస్తే తెలుస్తుంది.

"మాస్టారితో మాట్లాడాను. కట్టు నాకు ఇచ్చారు" అని కొంగు ముడి చూపించాను.

"చర్చికి పోయే మనిషివి. నీకు కట్టేంటమ్మా?" అన్నాడు రాఘవయ్య.

"వెళ్ళి ఫోను చేసి అడుగు."

"అడిగేదాకా పిల్ల కదలదు."

"నువ్వు అడిగొచ్చేసరికి ఎవర్ని కదుపుతావయ్యా నువ్వు?"

మంచం మీది నుంచి నాంచారమ్మ చెయ్యి చాపింది. ముడి తాకి చూసింది. వేళ్ళతో నొక్కింది.

"అమ్మా, గట్టిగా వేశారా?"

"గట్టిగానే వేశాను."

"మావయ్యా, తప్పుకో" అంది రాఘవయ్యతో. "నే దాటతాను."

ముడి ఆమె గుప్పిట్లోనే ఉండిపోయింది. బల్లకట్టు మీద ఆమె పక్కనే వంగి నిలబడ్డాను. నీళ్ళ మధ్యకి రాగానే కొందరు కళ్ళు మూసుకున్నారు. రాఘవయ్య మాత్రం మూసుకోలేదు, మేనల్లుడి భార్య ముఖం వైపే చూస్తున్నాడు. ఏమవుతుందో అని నేనూ ఊపిరి బిగబట్టాను. సైన్సు చదువుకున్నదాన్ని, నేనూ బిగబట్టాను.

పదకొండూ పదికి సెంటర్లో సూది పడింది. కరిచి మూడు గంటల పది నిమిషాలు. గొట్టంలో రక్తం ఇరవై నిమిషాలైనా నీళ్ళలాగే ఉంది. డాక్టరు లేడు, ఆర్డరు లేదు. నా సంతకంతో ఆరు సీసాలూ ఎక్కించాను. ఇంకా కావాలి. బందరు వెళ్తున్న చేపల వ్యానుని ప్రసాదు రోడ్డుకి అడ్డంగా మోపెడ్ పెట్టి ఆపాడు. ఐసు నీళ్ళు కారుతున్న ఆ వ్యానులో సెలైను సీసా నేను చేత్తో పట్టుకున్నాను. కొంగు ఆమె పట్టుకుంది. అప్పుడు ప్రార్థన చేశాను. నా భాషలో, నా దేవుడికి. బందరు ఆసుపత్రి మెట్ల దగ్గర ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీస్తేగాని కొంగు రాలేదు.

మూడు వారాలుంది ఆసుపత్రిలో. బతికింది.

ఎవరికి పేరు వచ్చింది

డాక్టరు గారు జనవరిలో వచ్చి, "ఎవర్నడిగి ఇచ్చావు? నువ్వు సిస్టర్‌వా, మంత్రగత్తెవా?" అని నలుగురిలో అడిగారు. రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చాను.

అప్పుడు నేను వెళ్ళే చర్చిలో ఏడాది చివరి కూడికలో, ముడులు వేసేవాళ్ళ గురించి ప్రసంగం చేశారు. చేసినాయన నా కొంగు వైపు చూస్తూ చేశాడు. నేను ఎవరి పేరు తలచుకుని ముడి వేశానో ఆయన అడగలేదు. ఎవరూ అడగలేదు.

నాంచారమ్మ ఇంటివాళ్ళు మోపిదేవి గుడికి వెళ్ళి మొక్కు తీర్చుకున్నారు. స్టేషన్ మాస్టారికి అరిసెలు పట్టుకెళ్ళారు. నా దగ్గరికి ఆంజనేయులు ఒక్కడే వచ్చాడు, అదీ ఒక ప్రశ్న అడగడానికి.

"ముడి విప్పేశారాండీ?"

"విప్పేశాను" అన్నాను. ఆ రాత్రే విప్పాను, చీర మీది రక్తం మరకలు ఉతకడానికి. ఆ సంగతి చెప్పలేదు.

అరిసెలు నాకెవరూ తేలేదు. అరిసెలు నాకు పడవు. అయినా రాసి పెట్టుకున్నాను.

నాలుగు పేజీలు

సంక్రాంతి వెళ్ళగానే నేను రైల్వే అధికారులకి అర్జీ పెట్టాను. డ్యూటీలో ఉండి, రైల్వే ఫోనులో మంత్రాలు చెప్పి, మనుషుల ప్రాణాల మీదికి తెస్తున్నాడని. నాలుగు పేజీలు. రిజిస్టర్డ్ పోస్టు. రెండో పేజీలో, పాము కరిచాక మొదటి గంటన్నర ఎంత విలువైనదో, ఆలోపు మందు పడకపోతే ఏమవుతుందో వైద్యం భాష లేకుండా వివరంగా రాశాను. సెంటర్లో నేను కుర్చీలో కూర్చుని పోగొట్టిన గంటన్నర మాత్రం అందులో రాయలేదు. తప్పంతా ఆయన మీదే పెట్టాను.

ఆ వానాకాలం ఒక విచిత్రం జరిగింది. పాము కుట్టినవాళ్ళు త్వరగా రావడం మొదలుపెట్టారు. మంచాల మీద, సైకిళ్ళ మీద, పరిగెత్తుకుంటూ. ఎందుకో అర్థం కాలేదు. ఒకామె చెప్పింది: "కట్టు గంటన్నరే ఆగుద్దన్నారండీ మాస్టారు. ఆలోపు సిస్టర్ గారి దగ్గర సూది పడితేనే కట్టు పనిచేస్తదంట. తొందరగా చూడండి, గంటా పది అయిపోయింది."

"కాలవ దాటారుగా?"

"ఆసుపత్రికయితే దాటచ్చన్నారండీ ఇప్పుడు."

నా మందు సైన్సు. ఆయన ముడి నమ్మకం. ఆ ముడికి గడియారం తగిలించాడాయన. నేను ఎన్ని గోడల మీద పోస్టర్లు అంటించినా రాని మనుషులు ఆ మాటతో వచ్చారు. ఆ ఏడు నాకు తెలిసి మా సెంటర్లో పాము కాటుతో ఎవరూ పోలేదు.

మళ్ళీ డిసెంబరులో ప్రసాదు వచ్చి, "మీ అర్జీ పనిచేసింది సిస్టర్. విచారణ చేసి మాస్టార్ని దూరం పంపేశారు" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

కొత్త మాస్టారు ఆ ఫోన్లు ఎత్తేవాడు కాదు. జనం నమ్మకం ఎక్కడికి పోతుంది? ఇంకో మంత్రగాణ్ణి వెతుక్కున్నారు. ఆయన కట్టుకి గంటల లెక్క లేదు. జనవరిలో ఒక ముసలాయన్ని కరిచిన మర్నాడు తీసుకొచ్చారు. నేను టైము రాసుకుని మొహం చూశాను. అప్పటికే చేసేదేమీ లేదు.

ఆ వారం ఇంకో అర్జీ రాశాను, నా మొదటి అర్జీ రద్దు చేసుకుంటున్నానని. జీవితంలో అలాంటిది అదొక్కటే. జవాబు రాలేదు.

విప్పారా?

కామేశ్వరరావు గారు రిటైరై గుడివాడలో స్థిరపడ్డారని నాలుగేళ్ళ నుంచి నాకు తెలుసు. ఇల్లు మా చర్చికి రెండు వీధుల అవతల. ఆ వీధి తప్పించి చుట్టు తిరిగి వెళ్ళేదాన్ని.

ఆ ఆదివారం, బిర్యానీ చల్లారుతోందని నన్ను కూర్చోబెట్టిన రోజున, కోపంలో చుట్టు తిరగడం మర్చిపోయాను. లేదా మర్చిపోలేదేమో. గేటు దగ్గర ఆయనే కనకాంబరాలకి నీళ్ళు పోస్తున్నారు. సన్నగా, ముందుకి వంగిపోయారు. గొంతు మాత్రం అదే.

"ఎవరమ్మా?"

"దివిసీమ సిస్టర్ని. సుశీలారత్నం."

నీళ్ళ చెంబు కింద పెట్టారు. "జి. సుశీలారత్నం, స్టాఫ్ నర్సు" అన్నారు. నా పేరు పూర్తిగా, తప్పు లేకుండా. "మీ అర్జీ కాపీ నాకిచ్చారమ్మా, సంజాయిషీ కోసం. నాలుగు పేజీలు. రెండో పేజీ నాలుగైదుసార్లు చదివాను. గంటన్నర సంగతి అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. అప్పుడే కట్టు మార్చాను."

ఆయన్ని దూరం పంపిందీ ఆ కాగితమే, ఆ ఏడు అంతమందిని నా గుమ్మంలోకి తెచ్చిందీ ఆ కాగితమే. ఇద్దరికీ తెలుసు. ఇద్దరం కనకాంబరాల వైపు చూశాం.

"మీరు రైల్వేకి ఏం రాశారు నా గురించి?" అని అడిగాను. అలవాటు.

"సిస్టర్ గారు రాసింది నిజమని రాశాను."

తర్వాత ఆయన కాస్త మొహమాటంగా అడిగారు: "అమ్మా, ఆ నాంచారమ్మ ముడి... విప్పారా?"

"విప్పానండి."

"ఎప్పుడు?"

"ఆ రాత్రే. చీర ఉతకాల్సి వచ్చింది."

ఆయన పెద్దగా నవ్వారు. లోపలికి తిరిగి, "విన్నావుటే? ఆ రాత్రే విప్పేశారట!" అని కేకేశారు.

ఆయన భార్య కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "ఈవిడేనా? కట్టు విప్పేదాకా కట్టినవాళ్ళు అన్నం ముట్టకూడదమ్మా. చేతులు మార్చినా సరే, మీరు ఫోను చేసేదాకా ముట్టనన్నారు. నాలుగు రోజులు మజ్జిగ తాగి డ్యూటీ చేశారు. ఫోను మోగినప్పుడల్లా మీరేమోనని పరిగెత్తేవారు. ఐదో రోజు ఆ పిల్ల మొగుడొచ్చి చెప్పాక తిన్నారు."

నా నోటుబుక్కు వెనక పేజీలన్నీ నాకు జరిగినవే. ఆ నాలుగు రోజుల గురించి అందులో ఒక్క అక్షరం లేదు.

"భోంచేశారా?" అని అడిగిందావిడ.

"లేదండి."

"మధ్యాహ్నం రెండయింది. రండి, ముందు కాళ్ళు కడుక్కోండి."

పప్పుచారు, దొండకాయ వేపుడు. వేడిగా ఉన్నాయి. తిన్నాను.

కొత్తగా చేరే పిల్లలకి చెప్పేది రెండు ముక్కలు. ఫోనులో "కట్టు కట్టారా?" అని అడిగి ఊరుకోకండి. ఎవరు కట్టారు, దేంతో కట్టారు, ఇప్పుడు మీరు కాలవకి ఏ గట్టున ఉన్నారు అని అడగండి. రెండోది, పని అయిపోయాక చేస్తానన్న ఫోను చేయండి. ఒక్క నిమిషం పడుతుంది. అవతల ఎవరో అన్నం ముందు కూర్చుని ఉంటారు.